సరిహద్దు ఊళ్లలో సాఫ్ట్‌వేర్ గైడు: వెతికిన పేజీ దొరికేలా అమర్చడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు మాట్లాడే ఇళ్లలో చాలామంది బడిలో చదువుకున్నది ఒడియాలోనే. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే కూడబలుక్కుంటారు. దరఖాస్తులు ఒడియాలో పెట్టాలి, శుభలేఖ తెలుగులో వేయించాలి, కంప్యూటరు మెనూలేమో ఇంగ్లిషులో ఉంటాయి. ఇలాంటి చోట లిబ్రే ఆఫీస్ (ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్), టైపింగు, ప్రింటరు వంటి వాటికి నలుగురు కలిసి స్వచ్ఛందంగా హెల్ప్ పేజీలు రాసుకోవాలంటే వాటిని ఎలా అమర్చాలో ఇక్కడ చెబుతున్నాం. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి వైపు వాళ్లు ఒడియా అన్న చోటల్లా మరాఠీ అని చదువుకుంటే చాలు.

చాలా గైడుల్లో కావలసిన సంగతి ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది. మెనూల వరుసలో పేర్చడం వల్ల అది కంటబడదు. తన ఇబ్బందికి మందు ఫార్మాట్ మెనూలో ఉందని తెలిసినవాళ్లకు ఆ గైడే అక్కర్లేదు. చదివేవాళ్లు పని మధ్యలో చిక్కుపడి, ఆ చిక్కును తమ మాటల్లో పట్టుకుని వస్తారు. పేజీల పేర్లు, వరుస, వెతుకులాట అన్నీ ఆ మాటల మీదే నిలవాలి.

మొదటి పని: ప్రశ్నలు పోగెయ్యడం

ఒక్క పేజీ కూడా రాయకముందు రెండు వారాల పాటు ప్రశ్నలు పోగెయ్యండి. జిరాక్స్ షాపు, లైబ్రరీ, కాలేజీ కంప్యూటరు ల్యాబ్, ఈ మూడు చోట్లా ఒక్కో నోటుపుస్తకం పెట్టండి. ప్రతి ప్రశ్నకూ నాలుగు గళ్లు గీయండి: అడిగిన మాట, ఏ పని చేస్తుండగా వచ్చింది, కంప్యూటరులో ఏ విండోస్ లేదా ఏ లినక్స్ ఉంది, చివరికి ఎలా తీరింది. నాలుగో గడి ఖాళీగా ఉంచితే తర్వాత జవాబు కోసం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

అడిగిన మాటను దిద్దకండి. "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ కాలేదు" అని ఎవరూ అడగరు. "అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయి", "ఇంగ్లిషు పెద్దదయింది, తెలుగు అలాగే ఉంది", "ఎ కొడితే ఏ పడుతోంది" అని అడుగుతారు. అవే రేపటి పేజీల పేర్లు. నోటుపుస్తకంలో తెలుగు మాటను ఒడియా లిపిలో రాసినా పరవాలేదు, మాట పోకుండా ఉంటే చాలు.

తర్వాత ఒక్కో ప్రశ్నను ఒక్కో అట్టముక్క మీద రాసి బల్ల మీద పరచండి. పైకి కనబడే ఇబ్బంది ఒకటే అయితే, లోపల కారణాలు రెండు మూడున్నా, ఒకే పేజీ కింద పెట్టండి. కారణం ఏదో చదివేవాళ్లకు ముందే తెలియదు కదా. అయితే చూపుకు ఒకలా ఉండి వేరైనవి కొన్ని ఉంటాయి. తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనబడితే ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదని అర్థం. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు ఎక్కిస్తే తీరిపోతుంది. డబ్బాలు కాక ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనబడితే ఆ ఫైలు యూనికోడ్‌కు ముందు కాలపు డీటీపీ ఫాంటులో కొట్టినది (యూనికోడ్ అంటే ప్రతి లిపిలోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం). తెలుగులో అను, ఒడియాలో అక్రుతి ఫాంట్లతో ఇది తరచూ జరుగుతుంది. అప్పుడు నోటో ఎన్నిసార్లు ఎక్కించినా లాభం లేదు, ఫైలును యూనికోడ్‌లోకి మార్చాలి. ఈ రెండిటికీ రెండు పేజీలు ఉండాలి. ఒక్కో పేజీ మొదటి వరుసలోనే "మీకు డబ్బాలు కాక పిచ్చి అక్షరాలు కనబడుతుంటే ఫలానా నంబరుకు వెళ్లండి" అని చెప్పాలి.

పేజీల రకాలు కలపకండి

డాక్యుమెంటేషన్ రాసేవాళ్లలో డయటాక్సిస్ అనే పద్ధతి బాగా వాడుకలో ఉంది. అందులో పేజీలు నాలుగు రకాలు: కొత్తవాళ్లకు చేయిపట్టి నేర్పేవి, ఒక పని చేయించేవి, చూసుకోవడానికి పట్టికలు, ఎందుకో వివరించేవి. మన బోటి బృందాలు రాసే వాటిలో ఎక్కువ భాగం రెండో రకమే అవుతుంది, అలాగే ఉండాలి కూడా. యూనికోడ్ అంటే ఏమిటో మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య వివరించడం అందరూ చేసే పొరపాటు. షాపులో మనిషి నిలబడి ఉండగా ఆ పేరా ఎవరూ చదవరు, దాటేస్తారు, దాంతోపాటు నాలుగో మెట్టునూ దాటేస్తారు. వివరణను విడిగా వేరే పేజీలో పెట్టి, అడుగున ఒక లింకు ఇవ్వండి.

ప్రతి పేజీకీ ఒక నంబరు

మూడు లిపుల మధ్య తిరిగే ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే. ప్రతి పేజీకీ మూడంకెల నంబరు ఇవ్వండి. తెలుగు పేజీకీ, దాని ఒడియా పేజీకీ, ఇంగ్లిషు పేజీకీ, ఆడియోకూ, బొమ్మకూ అదే నంబరు. ఫోనులో "రెండు వందల ముప్పై తెరవండి" అంటే అవతలివాళ్లు ఏ లిపి చదివేవాళ్లయినా అదే పేజీకి చేరతారు. మెట్ల నంబర్లు కూడా అన్ని భాషల్లో ఒకటే ఉండాలి. తెలుగులో నాలుగో మెట్టు ఒడియాలోనూ నాలుగోదే కావాలి. అనువదించేటప్పుడు రెండు మెట్లు కలిపేస్తే ఫోనులో చెప్పేది, చూసేది తప్పిపోతాయి.

విభాగాలు ఇలా పెట్టుకోవచ్చు: 100 నుంచి కంప్యూటరు సిద్ధం చేసుకోవడం, 200 నుంచి టైపింగు, 300 నుంచి ఉత్తరాలు, దరఖాస్తులు, శుభలేఖలు, 400 నుంచి లెక్కల పట్టికలు, 500 నుంచి ప్రింటరు, స్కానరు, 900 నుంచి "ఎందుకు" పేజీలు. లోపల పదేసి వదులుతూ 210, 220, 230 అని పోవాలి. మధ్యలో కొత్త పేజీ వస్తే 225 ఇవ్వవచ్చు. తీసేసిన పేజీ నంబరును మరో పేజీకి ఎన్నడూ ఇవ్వకండి. ఎవరి గోడ మీదో అంటించిన పాత జాబితాలో ఆ నంబరు ఇంకా ఉంటుంది. ఇంకో సంగతి: ఒడియా పేజీలో మెట్లకూ పేజీ నంబర్లకూ ఒడియా అంకెలు వాడకుండా 1, 2, 3 అనే పెట్టండి. యూనికోడ్‌లో ఒడియా అంకెలు వేరే గుర్తులు, 230 అని వెతికితే ఒడియా అంకెల్లో రాసిన పేజీ చాలాచోట్ల దొరకదు.

ఒక పేజీ పూర్తిగా

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో భారతీయ లిపులన్నిటికీ మీటల అమరిక ఒకటే. కె మీట నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ ఆ క ధ్వనే. అందుకని ఒడియా టైపింగు వచ్చినవాళ్లు తెలుగును దాదాపు అప్పటికప్పుడే కొట్టేస్తారు. చిక్కు ఒక్కచోటే వస్తుంది. ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. వాళ్ల వేళ్లకు అలవాటైన మీటల మీద తెలుగులో దీర్ఘాలు ఉంటాయి. పొలం పోలం అవుతుంది, ఎలా ఏలా అవుతుంది. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లకు రాసిన గైడులో ఈ ప్రశ్నకు చోటుండదు. ఆ పేజీ ఇలా ఉండవచ్చు:

230. "ఎలా" కొడితే "ఏలా" పడుతోంది
ఇలా కూడా అడుగుతారు: దీర్ఘం దానంతట అదే వస్తోంది, పొలం పోలం అవుతోంది, పొట్టి ఎ లేదు
ఎవరికి: ఒడియా ఇన్‌స్క్రిప్ట్ అలవాటై తెలుగు కొడుతున్నవారికి
ముందు ఉండాల్సింది: తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (లేకపోతే 210)
1. హల్లు కొట్టి, ఎస్ మీట బదులు జెడ్ మీట నొక్కండి. కె, జెడ్ కొడితే "కె" పడుతుంది.
2. ఒకార గుణింతానికి ఇంగ్లిషు ఏ (A) మీట బదులు, 1 అంకెకు ఎడమ పక్కనున్న మూల మీట నొక్కండి.
3. మాట మొదట్లో ఎ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని జెడ్. ఒ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని అదే మూల మీట.
సరిపోయిందా: హెచ్, మూల మీట, ఎన్, ఎక్స్ వరుసగా నొక్కండి. "పొలం" అని పడాలి.
పడకపోతే: హెచ్ నొక్కినప్పుడు ప రాకుండా హ వస్తుంటే మీది ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిషు అక్షరం పలికినట్టు తెలుగు పడేది). 220 చూడండి.

దీని ఎముకల గూడు అన్ని పేజీలకూ ఒకటే ఉంచండి: అడిగే మాటే పేరు, మరో రకంగా అడిగే మాటలు, ఎవరికి, ముందు ఉండాల్సింది, మెట్లు, సరిపోయిందో చూసుకునే పరీక్ష, కాకపోతే దారి. మెట్లు ఏడు దాటితే పేజీని రెండుగా విడదీయండి. ఒక మెట్టులో ఒక్క పనే ఉండాలి. "తెరిచి, ఎంచుకుని, సరే నొక్కండి" అంటే మూడు మెట్లు. పరీక్ష లేని పేజీని ప్రచురించకండి, పని అయిందో లేదో తెలియక చదివేవాళ్లు మళ్లీ మళ్లీ అదే చేసి ఉన్నదీ చెడగొట్టుకుంటారు.

మెనూల పేర్లు తెర మీద ఏ లిపిలో ఉంటే ఆ లిపిలోనే రాసి, పక్కన ఎలా పలకాలో తెలుగులో ఇవ్వండి. "పరికరములు", "ఐచ్ఛికములు" అని అనువదించి వదిలేస్తే, తెర మీద ఇంగ్లిషు మెనూ ఉన్నవాళ్లు ఆ మాట కోసం కళ్లు కాయలు కాచేలా వెతుకుతారు.

రాత ఒకలా ఉండకపోతే వెతుకులాట తప్పుతుంది

తెలుగు వెతుకులాటలో కంటికి కనబడని శత్రువు ఒకటుంది. "సాఫ్ట్‌వేర్" అని ట్, వే విడిగా కనబడేలా రాయడానికి వాటి మధ్య కనబడని గుర్తు ఒకటి పడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకుండా కొడితే "సాఫ్ట్వేర్" అని వ ఒత్తుగా కిందికి పోతుంది. కొన్ని సెర్చ్ పెట్టెలు ఈ రెండిటినీ వేర్వేరు మాటలుగా చూస్తాయి. ఒకటి రాసి మరొకటి వెతికితే పేజీ లేదనే చెబుతాయి. డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్, పాస్‌వర్డ్, పెన్‌డ్రైవ్ అన్నీ ఇలాంటివే.

దీనికి రెండు పనులు చేయండి. మొదటిది, బృందానికంతటికీ ఒక మాటల పట్టిక: ఫైలా ఫైల్‌నా, ప్రింటరా ప్రింటర్‌నా, ఏది రాయాలో ఒక్కసారి తేల్చుకుని దానికే కట్టుబడండి. యాభై అరవై మాటలు చాలు. రెండోది, చదివేవాళ్లు మీ పట్టిక చదివి రారు కనుక, వాళ్లు కొట్టే మిగతా రూపాలన్నీ "ఇలా కూడా అడుగుతారు" వరుసలో వేయండి. కనబడని గుర్తు ఉన్నదీ లేనిదీ రెండూ, ఫైల్, ఫైలు, పైలు మూడూ. ఆ వరుస చూడ్డానికి అందంగా ఉండదు, ఉండనక్కర్లేదు.

ఫైలు పేర్లు మాత్రం నంబరుతో మొదలుపెట్టి, చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగు పేరుతో వెబ్ అడ్రసు ఉంటే, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పంపినప్పుడు ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది. "రోజా" అన్న రెండక్షరాల మాటలో లోపల నాలుగు గుర్తులుంటాయి, అడ్రసులో ముప్పై ఆరు అక్షరాలవుతాయి. మధ్యలో తెగిన లింకు తెరుచుకోదు.

బొమ్మలు, ఆడియో

తెర మొత్తం ఫొటో పెట్టకండి. పని జరిగే పెట్టె వరకే కత్తిరించి, వెడల్పు 800 పిక్సెళ్లు దాటకుండా, ఒక్కోటి సుమారు 100 కేబీ లోపు ఉండేలా చూడండి. నొక్కాల్సిన చోట ఎర్ర సున్నా చుట్టి, అందులో మెట్టు నంబరు వేయండి. బొమ్మ లోపల తెలుగులో ఏమీ రాయకండి. అప్పుడు అదే బొమ్మ ఒడియా పేజీకీ పనికొస్తుంది, మెనూ మారిన రోజున మార్చాల్సిందీ ఒక్క బొమ్మే. నిజమైన దరఖాస్తును తెర ఫొటో తీస్తే పేరు, ఆధార్ నంబరు, ఫోను నంబరు అందులో ఉండిపోతాయి. మసక చేయడం చాలదు, ఆ భాగాన్ని కత్తిరించేయాలి లేదా నల్లగా నింపేయాలి. అన్నిటికంటే మేలు, ఉత్తుత్తి వివరాలతో ఒక ఫైలు చేసుకుని దాన్నే ఫొటో తీయడం.

తెలుగు వచ్చీ చదవలేని వాళ్లకు ఆడియో చాలా ఉపకారం. పేజీకి తొంభై సెకన్లు మించకుండా, మెట్టు నంబరు పలికి కాస్త ఆగి, మెట్టు చెప్పండి. వినేవాళ్లు ఆగినప్పుడే చేయి కదుపుతారు. ఇంట్లో మాట్లాడే యాసలోనే చెప్పండి, వార్తలు చదివినట్టు వద్దు.

ఎక్కడ పెట్టాలి

కొండల వైపు సిగ్నల్ నిలకడగా ఉండదు. గైడు నెట్ లేకుండా తెరుచుకోవాలి. ముగ్గురు నలుగురు రాసే బృందానికి, మామూలు టెక్స్టుకు చిన్న గుర్తులు చేర్చి రాసే పద్ధతైన మార్క్‌డౌన్‌లో పేజీలు రాసి ఎంకేడాక్స్‌తో వెబ్ పేజీలుగా మార్చుకోవడం తేలిక. రాసేవాళ్లు పదిమంది దాటి, వాళ్లలో ఎక్కువమందికి ఫైళ్ల పని కొత్తయితే వికీ (బ్రౌజరులోనే అందరూ దిద్దగలిగే సైటు) మేలు. ఎంకేడాక్స్‌లో ఒక మెలిక ఉంది. మామూలుగా అది ఒక్కో పేజీకి ఒక్కో ఫోల్డరు చేస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి లింకు నొక్కితే పేజీ బదులు ఫోల్డరులోని ఫైళ్ల జాబితా కనబడుతుంది. సెట్టింగుల ఫైలులో యూజ్ డైరెక్టరీ యూఆర్ఎల్స్ (use_directory_urls) అన్న దాన్ని ఫాల్స్ (false) చేస్తే లింకులు నేరుగా పేజీలకే పోతాయి.

పెన్‌డ్రైవ్ కాపీలో సెర్చ్ పెట్టె పనిచేయకపోవచ్చు. అందుకని పేజీల పేర్లు, నంబర్లు, "ఇలా కూడా అడుగుతారు" వరుసలు అన్నీ ఒకే పేజీలో జాబితాగా పెట్టండి. కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతికితే సరిపోతుంది. ఆ జాబితానే ఎ4 కాగితానికి రెండువైపులా తెలుగు, ఒడియాల్లో ప్రింటు తీసి, లామినేషన్ చేయించి షాపు కౌంటరు దగ్గర కట్టండి.

లిబ్రే ఆఫీస్ వాళ్ల సొంత గైడుల నుంచి ఏదైనా తీసుకుని తెలుగు చేస్తుంటే, వాటి లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. షరతులు ప్రతి గైడు మొదటి పేజీల్లోనే ఉంటాయి. మూలం పేరు మీ పేజీ అడుగున తప్పక వేయండి.

పక్కన కూర్చుని చూడండి

ముగ్గురిని పిలవండి: ఒడియా చదివిన తెలుగు మనిషి ఒకరు, షాపులో పనిచేసేవాళ్లు ఒకరు, తెలుగు బాగా చదివేవాళ్లు ఒకరు. వాళ్లకు పేజీ చూపించకండి, ఇబ్బంది చూపించండి. డబ్బాలు కనబడే ఫైలు తెరిచి పెట్టి, "దీన్ని సరిచేయండి, గైడు ఇక్కడుంది" అని చెప్పి ఊరుకోండి. నోరు మెదపకూడదు, వేలు చూపకూడదు. నిమిషంలోగా సరైన నంబరు దొరక్కపోతే లోపం పేజీ పేరులోనో జాబితాలోనో ఉంది. వాళ్లు వెతికిన మాటను అక్కడికక్కడే "ఇలా కూడా అడుగుతారు" వరుసలో చేర్చండి. పేజీ దొరికాక ఏదైనా మెట్టు దగ్గర చేయి ఆగిపోతే లోపం ఆ మెట్టులో ఉంది. ఈ రెండూ కలగలిపి పేజీ మొత్తం తిరగరాయకండి.

పాతబడకుండా

లిబ్రే ఆఫీస్ పెద్ద వెర్షన్లు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి, ఆగస్టు ప్రాంతాల్లో వస్తాయి. 2024 నుంచి వెర్షన్ నంబరులోనే ఏడాది, నెల ఉంటాయి. 24.8 అంటే 2024 ఆగస్టుది. కాబట్టి ఏడాదికి రెండుసార్లు, కొత్తది వచ్చిన నెల రోజుల్లో, 300, 400 విభాగాల పేజీలన్నీ కొత్త దాంట్లో చేసి చూడండి. ఎందుకో ఒక ఉదాహరణ. "ఇంగ్లిషు పెద్దదయింది, తెలుగు అలాగే ఉంది" అన్న ప్రశ్న చూడండి. లిబ్రే ఆఫీస్ ఇంగ్లిషుకు ఒక ఫాంటు, సైజు, తెలుగు, ఒడియా వంటి లిపులకు వేరే ఫాంటు, సైజు గుర్తుపెట్టుకుంటుంది. ఆ రెండో గడి కనబడాలంటే టూల్స్ మెనూలో ఆప్షన్స్‌కు వెళ్లి, భాషల విభాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర టిక్కు పెట్టాలి. పాత వెర్షన్లలో ఆ విభాగం పేరు లాంగ్వేజ్ సెట్టింగ్స్, కొత్తవాటిలో లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్. పాత పేరు మిగిలిపోయిన పేజీ చదివేవాళ్లను రెండో మెట్టు దగ్గరే నిలబెట్టేస్తుంది. కొన్నాళ్లపాటు రెండు పేర్లూ రాయడం మంచిది, ఊళ్లో పాత వెర్షన్లు అంత త్వరగా పోవు.

ప్రతి పేజీ అడుగున మూడే సంగతులు: ఏ వెర్షన్‌లో సరిచూశారు, ఏ తేదీన, ఏ విభాగం బాధ్యులు. మనిషి పేరు కన్నా విభాగం పేరే వేయండి, మనుషులు ఊళ్లు మారతారు. ఒడియా పేజీ అడుగున నాలుగోది కూడా ఉండాలి: తెలుగు పేజీ ఏ తేదీ రూపం నుంచి చేశారో. తెలుగు పేజీ తేదీ దానికంటే ముందుకు పోయిందంటే ఒడియా పేజీ వెనకబడినట్టే. అలాంటి పేజీ పైన "ఇది పాతది, కొత్తది తెలుగులో ఇదే నంబరులో ఉంది" అని ఒడియాలోనే ఒక వరుస వేస్తే, సరిచేసేవరకు ఎవరూ తప్పుదారి పట్టరు.

ఇక పనికిరాని పేజీలు. ఒక ఇబ్బంది కొత్త వెర్షన్లో రావడం మానేసినా పేజీని తుడిచేయకండి. పేరు, నంబరు ఉంచి, మెట్లు తీసేసి, "ఫలానా వెర్షన్ నుంచి ఈ ఇబ్బంది లేదు, పాతది వాడుతుంటే 110 చూసి కొత్తది ఎక్కించుకోండి" అని ఒక్క వాక్యం రాయండి. పాత ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ ఎక్కనివాళ్లు ఉంటారు కనుక, తీసేసిన మెట్లను 900 విభాగంలో ఒక చోట దాచి, ఆ వాక్యం కింద లింకు ఇవ్వండి.